టేకు తలుపు మీద ఐదు పూతల ఎనామిల్, రిమూవర్ వేసినా ఊడటం లేదు. తప్పు ఎక్కడ?

టేకుతలుపు
టేకు తలుపు. ఎత్తు 2.1 మీటర్లు, వెడల్పు 0.9 మీటరు. మీద ఎనామిల్ కనీసం ఐదు పూతలుంది. జెల్ రకం పెయింట్ రిమూవర్, లీటరు డబ్బా, ఒక వైపు మొత్తానికి ఒకేసారి పూశాను. పావుగంటకి గోకితే పైపూత జిగటగా వచ్చింది, కింది పూతలు కదల్లేదు. సరే ఇంకాసేపు ఆగుదామని గంట వదిలేస్తే జెల్ ఎండిపోయి పెయింటుకే అతుక్కుంది. ఇప్పుడు ముందుకంటే మొండిగా ఉంది. బలంగా గోకిన చోటల్లా చెక్కకి గాట్లు. పని గది లోపలే, కిటికీ తీసే ఉంది, అయినా రెండో విడతలో తల తిరిగింది. మందు మార్చాలా, పద్ధతి మార్చాలా?

రసాయనం_రజిత
తల తిరిగిందన్నారు కదా, తలుపు సంగతి తర్వాత చూద్దాం. పని ఆపి, డబ్బా వెనక పదార్థాల పేర్లు చదవండి. డైక్లోరోమీథేన్ అనో మిథిలీన్ క్లోరైడ్ అనో ఉంటే, రెండూ ఒకటే, ఆ గదిలో ఇంక మూత తీయొద్దు. అది 40 డిగ్రీలకే మరుగుతుంది. మామూలు గది వేడికే గబగబా ఆవిరైపోతుందన్నమాట. ఆ ఆవిరి గాలికంటే దాదాపు మూడు రెట్లు బరువు. కిటికీలోంచి పైకి పోదు, నేల మీద నీళ్లలా పరుచుకుని అక్కడే పేరుకుంటుంది. తలుపు అడుగుభాగం గోకడానికి కింద కూర్చుంటే మీ ముక్కు సరిగ్గా అందులోనే ఉంటుంది.

ఒంట్లోకి వెళ్లాక అది కొంతవరకు కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. బయటికొచ్చి మంచి గాలి పీల్చుకున్నా రక్తంలో ఆ విషం ఇంకా కొన్ని గంటలు తయారవుతూనే ఉంటుంది. తలనొప్పి, వికారం, ఛాతీలో బరువు, మగత, వీటిలో ఏది ఉన్నా డాక్టరు దగ్గరికి వెళ్లి మందు పేరు చెప్పండి, వీలైతే డబ్బా ఫోటో చూపించండి. గుండె జబ్బు ఉన్నవాళ్లు దీని జోలికే వెళ్లకూడదు.

టేకుతలుపు
డైక్లోరోమీథేన్, మెథనాల్ అని రాసి ఉంది. ఇప్పుడు బాగానే ఉన్నాను, పని ఆపేశాను. వాసన పెద్దగా రాలేదు కాబట్టి ఫరవాలేదనుకున్నా.

రసాయనం_రజిత
ఈ మందు విషయంలో ముక్కుని నమ్మొద్దు. అమెరికా కార్మిక భద్రతా నిబంధన ప్రకారం 8 గంటల పనికి సగటు హద్దు 25 పీపీఎం, అంటే పది లక్షల వంతుల గాలిలో 25 వంతుల ఆవిరి. వాసన తెలిసేసరికే ఆ హద్దు చాలా రెట్లు దాటిపోయి ఉంటుంది, పైగా కాసేపటికి ముక్కు అలవాటు పడిపోతుంది. తియ్యటి వాసన కాబట్టి ఎవరికీ భయం వేయదు.

యూరోపియన్ యూనియన్ 2011 డిసెంబరు నుంచి ఈ మందున్న పెయింట్ రిమూవర్లను మామూలు జనానికి అమ్మకుండా ఆపేసింది. అమెరికాలో 2019 నవంబరు నుంచి చిల్లర అమ్మకం నిషేధం. ఆ దేశంలో 1980 నుంచి 2018 వరకు ఈ రసాయనం వల్ల 85 మరణాలు లెక్కకొచ్చాయి. వాటిలో కొన్ని స్నానాల గదుల్లాంటి ఇరుకు చోట్ల, తొట్టి పెయింటు తీస్తూ లోపలికి వంగి పనిచేసినవాళ్లవి. అమ్మకం ఆపని చోట్ల డబ్బా ఇంకా దొరుకుతుంది కాబట్టి ఇంత వివరంగా చెప్తున్నా.

బ్రష్షుబాబాయి
రజిత గారు చెప్పింది అక్షరాలా నిజం. ఇక పని గురించి. తప్పు ఎక్కడుందో మీ లెక్కలోనే కనిపిస్తోంది. ఒక లీటరు మందుని ఒక చదరపు మీటరు మీద పరిస్తే మందం సరిగ్గా 1 మి.మీ. వస్తుంది. మీ తలుపు ఒక వైపు 1.9 చదరపు మీటర్లు. లీటరు మొత్తం వాడినా మందం అర మి.మీ. చిల్లర. ఐదు పూతల ఎనామిల్‌కి కావాల్సింది 2 నుంచి 3 మి.మీ. అంటే ఒక వైపుకి నాలుగు నుంచి ఆరు లీటర్లు, అదీ ఒక విడతకి. మందు పూయడం అంటే పెయింటులా సాగదీయడం కాదండీ, మెత్తటి లప్పంలా మందంగా పరచడం.

చిత్రిక
బాబాయి లెక్కకి ఒక సవరణ. కప్పి ఉంచితే అంత మందు పట్టదు. మందు పూసిన వెంటనే పలచటి పాలిథీన్ షీటు పరిచి, గాలి బుడగలు లేకుండా అరచేత్తో ఒత్తితే 1.5 మి.మీ. కూడా చాలు. పని చేయాల్సిన ద్రావణి గాల్లోకి పోకుండా పెయింటులోకి దిగుతుంది. మీ జెల్ గంటలో ఎండిపోవడానికి కారణం అదే, పలచగా ఉంది, మూత లేదు.

బ్రష్షుబాబాయి
ఒప్పుకుంటా, నిలువు తలుపు మీదైతే షీటు తప్పనిసరి. బల్ల మీద పడుకోబెట్టిన తలుపుకి మాత్రం నేను మందానికే ఓటేస్తా. తలుపు మడతబందుల నుంచి ఊడదీసి, ఆరుబయట నీడలో, బల్ల మీద పడుకోబెట్టి చేస్తే సగం బాధలు పోతాయి. మందు జారదు, ఆవిరి పేరుకోదు, నేల పాడవదు.

వడ్రంగిపిట్ట
పూసే తీరు గురించి ఎవరూ చెప్పలేదు. డైక్లోరోమీథేన్ జెల్‌లో మైనం కలుపుతారు. పూసిన నిమిషంలోపే ఆ మైనం పైకి తేలి సన్నటి పొర కడుతుంది, ఆవిరిని ఆపేది అదే. బ్రష్షుతో అటూ ఇటూ రుద్దితే ఆ పొర చిరిగి మందు గాల్లో కలిసిపోతుంది. బ్రష్షు నిండా మందు తీసుకుని, ఒకే దిశలో, ఒక్కసారి పరిచి వదిలేయాలి. మళ్లీ దాని మీదికి వెళ్లకూడదు. జంతు వెంట్రుకల కుచ్చున్న పాత బ్రష్షు వాడండి. నైలాన్ కుచ్చుని కొన్ని మందులు మెత్తబరుస్తాయి.

టేకుతలుపు
నేను నాలుగైదుసార్లు అటూ ఇటూ రుద్దాను, పెయింటు వేసినట్టే. ఇప్పుడు ఎండిపోయిన జెల్ సంగతేంటి? ఎమరీ పేపరుతో రుద్దేయనా?

పాతసామాను
అయ్యో, వద్దు. పెయింటు ఎంత పాతదో తెలియకుండా పొడిగా ఎమరీ పెట్టొద్దు. పాత ఎనామిల్‌లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. అమెరికాలో ఇళ్ల పెయింట్లలో సీసాన్ని 1978లో నిషేధించారు, చాలా దేశాల్లో నిబంధన అంతకంటే ఎంతో ఆలస్యంగా వచ్చింది. ముఖ్యంగా తెలుపు ప్రైమరు, పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో సీసం బాగా వాడేవాళ్లు. పొడి దుమ్ము పిల్లల మెదడు మీద పనిచేస్తుంది, నేల మీద, బట్టల మీద నెలల తరబడి ఉంటుంది. పెయింట్ రిమూవర్‌కి ఉన్న గొప్ప సుగుణమే ఇది, సీసాన్ని తడి ముద్దలో కట్టిపడేస్తుంది, దుమ్ము లేవదు. ఎమరీ పెడితే ఆ లాభం పోతుంది.

చిత్రిక
సీసం ఉందో లేదో రంగు మారి చూపించే పరీక్ష స్వాబులు (రుద్ది చూసే పుల్లలు) దొరుకుతాయి. తలుపు మీద మూల చోట బ్లేడుతో అన్ని పూతలూ చెక్క దాకా వాలుగా కోసి, ఆ కోత మీద రుద్దాలి. పైపూత మీద మాత్రమే రుద్దితే కింది పూతలో సీసం ఉన్నా తెలియదు. గులాబీ రంగుకి తిరిగే రకమైతే ఎర్ర పెయింటు మీద మోసం చేస్తుంది, రంగు దిగడాన్ని సీసం అనుకోవచ్చు. సందేహం ఉంటే పెచ్చు ఒకటి ప్రయోగశాలకి పంపడం మేలు.

బ్రష్షుబాబాయి
ఎండిన జెల్ మీద కొత్త మందే వేయండి, అది పాతదాన్ని మళ్లీ మెత్తబరుస్తుంది. షీటు కప్పి అరగంట ఆగండి. దాన్ని నీళ్లతో నానబెట్టే ప్రయత్నం చేయొద్దు. ఆ మైనం నీళ్లకి కరగదు.

గ్రిల్‌గేటు
ఇంత ప్రమాదమున్న మందు ఎందుకు, కాస్టిక్ సోడా పేస్టు వేస్తే పోదా? ఇనుప గ్రిల్లు మీద పాత ఎనామిల్ తోలులా లేచి వచ్చేస్తుంది, ఆవిరి బాధా లేదు. తలుపుకీ అదే వాడొచ్చు కదా.

వడ్రంగిపిట్ట
టేకుకి మాత్రం వద్దు. కాస్టిక్ తగిలితే టేకు, మహాగని, ఓక్ లాంటి చెక్కలు నల్లబడతాయి. చెక్కలోని టానిన్ల లాంటి పదార్థాలు క్షారంతో కలిసి ముదురు రంగుకి తిరుగుతాయి. నార కూడా లేచి పైభాగం బొచ్చులా తయారవుతుంది. అతికించిన పలచటి వెనీరైతే జిగురే ఊడిపోతుంది. మళ్లీ తలుపుకి పెయింటే వేస్తామంటే నలుపు దాగుతుంది గానీ, ఇంకోటి దాగదు, చెక్క లోపల మిగిలిన క్షారం కొత్త ఆయిల్ పెయింటుని సబ్బులా మార్చి ఊడగొడుతుంది.

గ్రిల్‌గేటు
అది వెనిగర్‌తో కడిగితే పోతుంది కదా.

వడ్రంగిపిట్ట
పైన పోతుంది. లోపలికి ఇంకింది పోయిందో లేదో చూడాలంటే చెక్క తడిపి పీహెచ్ కాగితం (ఆమ్లమా, క్షారమా చూపే కాగితం, 7 అంటే రెండూ కాదు) అద్దాలి. 7, 8 మధ్య వచ్చేదాకా వెనిగర్ నీళ్లు, మంచి నీళ్లు, మళ్లీ వెనిగర్ నీళ్లు. ఒక రోజు ఆరనిచ్చి మళ్లీ చూస్తే తరచుగా 9 చూపిస్తుంది, లోపల దాగినది ఆరేటప్పుడు పైకి వస్తుంది కాబట్టి. ఇనుముకి ఈ బాధ లేదు, అందుకే మీ గ్రిల్లు మీద బాగా పనిచేసింది.

రసాయనం_రజిత
కాస్టిక్‌కి ఆవిరి లేదన్నది నిజమే గానీ, అది సురక్షితమని కాదు. కంట్లో పడితే కొన్ని క్షణాల్లోనే కనుగుడ్డు మీద పని మొదలుపెడుతుంది, యాసిడ్‌కంటే లోతుగా దిగుతుంది. చర్మం మీద మొదట నొప్పి ఉండదు, వేళ్లు జారుడుగా సబ్బు పట్టినట్టు అనిపిస్తాయి. ఆ జారుడు మీ చర్మంలోని కొవ్వే సబ్బవుతున్న గుర్తు. వెంటనే కారే నీళ్ల కింద పెట్టాలి. కళ్లకైతే రెప్పలు తెరిచి పట్టుకుని కనీసం 20 నిమిషాలు కడిగి ఆసుపత్రికి పరుగెత్తాలి. చర్మం మీద పడినప్పుడు వెనిగర్ పోయొద్దు, నీళ్లే.

సొంతంగా ద్రావణం కలిపేవాళ్లకి, నీళ్లలో కాస్టిక్ కొంచెం కొంచెంగా వేయాలి. కాస్టిక్ మీద నీళ్లు పోస్తే భగ్గున మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. కలిపే పాత్ర అల్యూమినియందైతే హైడ్రోజన్ వాయువు పొంగుతుంది, గిన్నె తినుకుపోతుంది.

గ్రిల్‌గేటు
అల్యూమినియం కిటికీ చట్రాలకి, గాల్వనైజ్డ్ పైపులకి కూడా కాస్టిక్ పనికిరాదన్నమాట. మంచిది, ఇది తెలియక జింకు పూత మొత్తం పోగొట్టుకునేవాళ్లున్నారు. నా గ్రిల్లు మామూలు ఇనుమే.

పాతసామాను
ఇనుప గ్రిల్లుకి కాస్టిక్ తర్వాత నీళ్లతో కడుగుతారు కదా, ఒక్క గంటలో పసుపు తుప్పు సన్నగా పట్టేస్తుంది. తుడిచి, వేడి గాలితో ఆరబెట్టి, అదే రోజు ప్రైమరు వేయాలి. రేపు వేద్దామంటే మళ్లీ గోకాల్సిందే. ఇంకో సంగతి, అక్రిలిక్, పాలీయురేథేన్, ఎపాక్సీ, పౌడర్ కోటింగు, వీటి మీద కాస్టిక్ దాదాపు పనిచేయదు. పాత నూనె రకం పెయింటుకే దాని బలం.

నీలిరంగు22
పౌడర్ కోటింగు పోవాలంటే ఏది?

పాతసామాను
బెంజైల్ ఆల్కహాల్‌లో ఫార్మిక్ ఆమ్లం కలిపిన రకం, 12 నుంచి 24 గంటలు కప్పి ఉంచి. అది ఇనుముని తినేస్తుంది కాబట్టి తర్వాత బాగా కడిగి ఆరబెట్టాలి. పెద్ద గేటైతే రసాయనం వదిలి ఇసుక బ్లాస్టింగుకి పంపడమే తేలిక.

టేకుతలుపు
ఇంతకీ నా తలుపుకి డైక్లోరోమీథేన్ కాక ఏది సరిపోతుంది?

చిత్రిక
బెంజైల్ ఆల్కహాల్ జెల్. నిదానం, కానీ ఒకసారికి ఎక్కువ పూతలు లేపుతుంది. 2.5 మి.మీ. పూసి షీటు కప్పి సాయంత్రం నుంచి పొద్దున దాకా వదిలేయండి. నిప్పు ప్రమాదం తక్కువ, ఆవిరీ తక్కువ. చేతులకి మాత్రం రక్షణ కావాలి. చలిలో మరీ నెమ్మది, 15 డిగ్రీలకి దిగువన సగం రోజుకి బదులు రోజున్నర పడుతుంది. ఎండలో పెడితే షీటు కింద కూడా అంచులు ఎండిపోతాయి. 18 నుంచి 28 డిగ్రీల నీడ దానికి హాయి.

మొత్తం పూసే ముందు ఒక చిన్న పరీక్ష తప్పకుండా చేయండి. టేపుతో 10 సెం.మీ. గళ్లు నాలుగు కట్టి, ఒకేసారి మందు పూసి షీటు కప్పండి. ఒక్కో గడి మీద సమయం రాయండి, 2 గంటలు, 4 గంటలు, 8 గంటలు, 16 గంటలు. ఆ వేళకి ఒక్కో గడి గోకి చూడండి. చెక్క దాకా ఏ గడి శుభ్రంగా వచ్చిందో, ఆ సమయమే మీ తలుపుకి సరిపోయే సమయం. డబ్బా మీద రాసింది సగటు మాత్రమే.

బ్రష్షుబాబాయి
ఆ పరీక్షలో చూడాల్సినది ఇది. మందు పూసిన కాసేపటికి ఎనామిల్ మెరుపు మాయమవుతుంది. తర్వాత సన్నటి ముడతలు లేస్తాయి, పాము కుబుసంలా పైపూత విడిపోతుంది. ఇది చూసి సంబరపడి గోకడం మొదలుపెడతారు. అది పైపూత ఒక్కటే. షీటు ఎత్తి, బ్లేడు మొనని నిలువుగా గుచ్చి అర సెంటీమీటరు లాగండి. అడుగున చెక్క నార కనిపిస్తే సిద్ధం. గట్టిగా తగిలిందంటే షీటు మళ్లీ కప్పేయండి. ఆత్రపడి గోకితే పైన పీల్చుకున్న మందంతా చెత్తలోకి పోతుంది, కింది పూతలకి మళ్లీ కొత్తగా మందు కావాలి. మీ లీటరు డబ్బా అలాగే ఖర్చయింది.

వడ్రంగిపిట్ట
చెక్కకి గాట్లు పడ్డాయన్నారు కదా. రేకు పట్టీ బ్లేడు కొత్తదైతే దాని రెండు మూలలూ ఆకురాయితో గుండ్రంగా అరగదీయండి. ఆ మూలలే గాట్లు పెట్టేవి. బ్లేడుని చెక్క మీద పడుకోబెట్టినంత వాలుగా పట్టి, నార వెంబడి నెట్టాలి, అడ్డంగా కాదు. మందు సరిగ్గా పనిచేస్తే బ్లేడుకి బలం అక్కర్లేదు, ముద్ద తనంతట తాను దొర్లుకుంటూ వస్తుంది. బలం పెట్టాల్సి వచ్చిందంటే మందుకి ఇంకా సమయం ఇవ్వాలి. టేకు మెత్తబడిందనిపిస్తే రేకు బ్లేడు వదిలి ప్లాస్టిక్ బ్లేడు తీసుకోండి.

నీలిరంగు22
మూలలు, చెక్కడం, బీడింగు గాడులు? బ్లేడు అక్కడికి పోదు.

వడ్రంగిపిట్ట
గాడుల్లో ముద్ద మీద రంపపు పొట్టు చల్లండి, తడిని పీల్చుకుని ఉండలు కడుతుంది. గట్టి నైలాన్ బ్రష్షుతో నెట్టేస్తే గాడిలోంచి ఉండలుగా ఊడిపడుతుంది. కడ్డీల్లాంటి గుండ్రటి భాగాలకి జనపనార పురికొస చుట్టి అటూ ఇటూ లాగాలి, పాలిష్ చేసినట్టు శుభ్రపడుతుంది. సూది మూలలకి వెదురు పుల్ల చెక్కి వాడండి. ఇనుప మొన వద్దు, మెత్తబడిన చెక్కని సులువుగా గీకేస్తుంది.

స్టీల్ ఊల్ కూడా టేకు మీద వద్దు. దాని నూగు నారలో ఇరుక్కుంటుంది, తడి తగిలినప్పుడు తుప్పు పట్టి నల్లటి చుక్కలు తేలతాయి. కంచు ఊల్ గానీ నైలాన్ ప్యాడ్ గానీ వాడండి.

చిత్రిక
ఇప్పటికే నల్ల చుక్కలు వచ్చేసినవాళ్లకి ఆక్జాలిక్ ఆమ్లం పనిచేస్తుంది. లీటరు గోరువెచ్చని నీళ్లలో సుమారు 60 గ్రాములు కరిగించి, మచ్చ ఒక్కటే కాక ఆ పలక మొత్తానికి పూయాలి, లేకపోతే తెల్లటి మరకలా మిగులుతుంది. ఆరాక రెండుమూడుసార్లు మంచి నీళ్లతో తుడవాలి. తుడవకుండా ఎమరీ పెడితే ఆ స్ఫటికాల దుమ్ము ముక్కుని, గొంతుని మండిస్తుంది. అది విషం కూడా, తినే పాత్రల్లో కలపొద్దు.

గ్రిల్‌గేటు
చేతి తొడుగులు ఏవి వాడాలో ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తారు. పలచటి నీలం నైట్రైల్ వాడితే చాలదా?

రసాయనం_రజిత
మందుని బట్టి మారుతుంది, ఇదే అందరూ తప్పు చేసే చోటు. డైక్లోరోమీథేన్‌కి నీలం నైట్రైల్ ఏమాత్రం చాలదు, కొన్ని నిమిషాల్లోనే దాన్ని దాటి లోపలికొస్తుంది, పైకి తొడుగు బాగానే కనిపిస్తుంది. చల్లగా అనిపించి తర్వాత మండటం మొదలైతే మందు లోపలికి దిగిందని అర్థం. దానికి పొరలు పొరలుగా చేసిన లామినేట్ తొడుగులు వేసుకుని, వాటి మీద జారకుండా మామూలు నైట్రైల్ వేయాలి. లేదా పాలీవినైల్ ఆల్కహాల్ తొడుగు, కానీ అది నీళ్లకి కరిగిపోతుంది, తడి చేతుల పనికి పనికిరాదు. అసిటోన్, ఎన్ఎంపీ (ఎన్-మిథైల్ పైరోలిడోన్, కొన్ని రిమూవర్లలో వాడే ద్రావణి), బెంజైల్ ఆల్కహాల్, వీటికి బ్యూటైల్ రబ్బరు. కాస్టిక్‌కి మందంగా ఉన్న నైట్రైల్, నియోప్రీన్ లేదా పీవీసీ ఏదైనా సరే.

ఎన్ఎంపీ గురించి ఒక మాట. అది చర్మం గుండా బాగా ఇంకుతుంది, కడుపులో బిడ్డకి హాని చేస్తుంది. గర్భంతో ఉన్నవాళ్లు అది పూయడం కాదు, పూసిన గదిలో ఉండటం కూడా వద్దు. డబ్బా మీద తక్కువ వాసన అని రాసి ఉంటే అది సురక్షితమని కాదు.

గ్రిల్‌గేటు
మాస్కు సంగతి? బొగ్గు క్యాట్రిడ్జి ఉన్న సగం ముఖం మాస్కు సరిపోతుందంటారు.

రసాయనం_రజిత
అసిటోన్, టోలుయిన్ రకాలకి ఆర్గానిక్ వేపర్ క్యాట్రిడ్జి సరే. డైక్లోరోమీథేన్‌ని మాత్రం ఆ క్యాట్రిడ్జి నిలబెట్టలేదు, త్వరగా నిండిపోయి ఏ హెచ్చరికా లేకుండా ఆవిరిని వదిలేస్తుంది. దానికి బయటి నుంచి గాలి పంపే మాస్కే నియమం. ఇంట్లో అది సాధ్యం కాదు, అందుకే ఇంటి పనికి ఆ మందు వద్దంటున్నా. దుమ్ము మాస్కు, గుడ్డ కట్టుకోవడం ఇవి ఏ ఆవిరికీ అడ్డం కావు.

పాతసామాను
అసిటోన్, టోలుయిన్ రకాలు వాడేవాళ్లు నిప్పు సంగతి గుర్తుంచుకోవాలి. అసిటోన్ ఆవిరి సున్నాకి 20 డిగ్రీలు దిగువన కూడా అంటుకుంటుంది. పక్క గదిలో స్టవ్వు, గీజరు మంట, అగరుబత్తి ఏదున్నా నేల వెంబడి పాకి వెళ్లి అంటుకుంటుంది. మామూలు ఫ్యాను ఆవిరి దారిలో పెట్టొద్దు, మోటారు నిప్పురవ్వ చాలు. ఫ్యాను మంచి గాలి వచ్చే వైపు, మీ వెనక పెట్టి లోపలికి తోయించండి, ఎదురు తలుపు బార్లా తీయండి. డైక్లోరోమీథేన్ అంత సులువుగా మండదు గానీ, ఆవిరి మంటకి తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు, హైడ్రోక్లోరిక్ ఆమ్లం పుడతాయి. దాని దగ్గర సిగరెట్టు కూడా వద్దు.

మందు పూసిన చోట హీట్ గన్ (వేడిగాలితో పెయింటు మెత్తబరిచే పనిముట్టు) ఎప్పుడూ పెట్టొద్దు. రెండు పద్ధతులు కలపాలంటే మధ్యలో మందు పూర్తిగా తుడిచి, ఆరి ఉండాలి.

టేకుతలుపు
బెంజైల్ ఆల్కహాల్ జెల్ తెచ్చి, బయట నీడలో గళ్ల పరీక్ష చేశాను. 8 గంటల గడిలో చెక్క కనిపించింది, 16 గంటల గడిలో శుభ్రంగా వచ్చింది. బ్లేడుకి బలమే పట్టలేదు. సీసం స్వాబు కింది తెల్ల పూత మీద గులాబీ చూపించింది. ఇప్పుడు ఆ ముద్ద ఏం చేయాలి? ఊడిన తర్వాత చెక్కని దేనితో కడగాలి?

పాతసామాను
సీసం ఉందన్నారు కాబట్టి ముద్ద ఆరకముందే, తడిగా ఉండగానే బ్లేడు మీంచి నేరుగా మూత ఉన్న ఇనుప డబ్బాలోకి. కింద మందపు పాలిథీన్ పరిచి, అంచులు పైకి మడిచి తొట్టిలా చేయండి. పని అయ్యాక ఆ షీటుని లోపలికి చుట్టి రెండు సంచుల్లో కట్టి, ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికే ఇవ్వాలి. మురుగులో పోయొద్దు, మట్టిలో పూడ్చొద్దు. మీరు వేసుకున్న బట్టలు విడిగా ఉతకండి. ఊడ్చడం వద్దు, తడి గుడ్డతో తుడవండి. పిల్లలు రెండు రోజులు ఆ వైపు రాకూడదు.

బ్రష్షుబాబాయి
చెక్క కడగడం మీద నాకూ చిత్రికకీ ఎప్పుడూ పోట్లాటే, కాబట్టి నా మాట చెప్పి ఊరుకుంటా. నీళ్లతో వద్దు. వైట్ స్పిరిట్ (పెయింటు పలచన చేసే పెట్రోలియం ద్రావణి) తడిపిన గుడ్డతో రెండుసార్లు, ప్రతిసారీ కొత్త గుడ్డ. మైనం, మందు మిగిలితే కొత్త పెయింటు అక్కడ పట్టు లేక బుడగలా లేస్తుంది.

చిత్రిక
బాబాయి, మందు ఏదో చూసి చెప్పాలి. బెంజైల్ ఆల్కహాల్ రకాల్లో చాలావాటికి నీళ్లలో కొంచెం డిటర్జెంటు కలిపి తడి గుడ్డతో తుడవమని తయారీదారులే రాస్తారు, వైట్ స్పిరిట్‌తో అది సరిగ్గా కరగదు. మైనం ఉన్న డైక్లోరోమీథేన్ రకానికి మీరు చెప్పింది సరైనది. ఈ తలుపు మీద రెండూ పడ్డాయి. ముందు తడి గుడ్డ, రెండు గంటల తర్వాత వైట్ స్పిరిట్.

బ్రష్షుబాబాయి
అది సబబే, మొదటి మందు సంగతి మర్చిపోయా. నీళ్లు చెంబుతో పోయకుండా పిండిన గుడ్డ వాడితే నాకు అభ్యంతరం లేదు. మడతబందుల గూళ్లు, అతుకుల సందులు మాత్రం మళ్లీ చూడండి, మందు అక్కడే దాక్కుంటుంది. నెల తర్వాత అతుకు దగ్గర కొత్త పాలిష్ మెత్తబడితే కారణం అదే.

వడ్రంగిపిట్ట
కనీసం 48 గంటలు గాలి తగిలే చోట ఆరనివ్వండి, తేమ మీటరుంటే 12 శాతం దిగాక పాలిష్. సీసం ఉన్న తలుపు కాబట్టి చివరి నునుపు కూడా పొడి ఎమరీతో కాకుండా తడి ప్యాడుతో 180 నుంచి 220 నంబరు. రంధ్రాల్లో ఇంకా తెల్లటి పెయింటు చుక్కలు కనిపిస్తే గోకొద్దు, అక్కడే పలచగా మందు అద్ది 20 నిమిషాల తర్వాత గట్టి నైలాన్ బ్రష్షుతో నార వెంబడి తోమండి.

నీలిరంగు22
మడతబందులకి, గొళ్లేలకి కూడా మందే పూయాలా?

వడ్రంగిపిట్ట
అక్కర్లేదు. ఇనుపవీ ఇత్తడివీ అయితే పాత గిన్నెలో డిటర్జెంటు కలిపిన వేడి నీళ్లు పోసి, సన్న మంట మీద గంట, రెండు గంటలు ఉంచండి. పెయింటు తోలులా జారి వస్తుంది, నైలాన్ బ్రష్షు చాలు. అల్యూమినియంవైతే మంట మీద పెట్టకుండా వేడి సబ్బు నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. ఆ గిన్నె మళ్లీ వంటకి వాడొద్దు, నీళ్లు వ్యర్థాల డబ్బాలోకే.

టేకుతలుపు
ముద్ద మొత్తం మూత డబ్బాలో ఉంది. మొదటి లీటరు డబ్బాలో డైక్లోరోమీథేన్ జెల్ పావు వంతు మిగిలింది, మూత ఉబ్బినట్టుంది. దాన్ని?

రసాయనం_రజిత
వేడికి లోపల ఆవిరి ఒత్తిడి పెరిగింది. ఎండ తగలని చల్లటి చోట కొన్ని గంటలు ఉంచి, ఆరుబయట, ముఖం దూరంగా పెట్టి, మూత మీద గుడ్డ వేసి నెమ్మదిగా సడలించండి. బుస్సుమని ఆగాక మళ్లీ బిగించండి. ఇంకో సీసాలోకి మార్చొద్దు, చాలా ప్లాస్టిక్కులని అది కరిగించేస్తుంది. పేరు కనిపించేలా ఆ డబ్బానే ముద్ద డబ్బాతోపాటు వ్యర్థాల కేంద్రానికి ఇచ్చేయండి.